ఫ్రిజ్‌లో ఉప్పునీళ్ల సీసా

గురువారం పొద్దున కారేపల్లి నుంచి అక్క ఫోన్ చేసింది, మా బావ పోయాడని. ఏడ్చాను. కానీ సమాధి దగ్గర అందరూ ఆయన పనితనం తలుచుకుంటుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కడుపు మండింది.

ఖమ్మంలో ప్లాస్టిక్ కడ్డీలను లేత్ మీద చెక్కి సామాన్లు చేసే షెడ్డులో ఇద్దరం పనిచేసేవాళ్లం. నాది డిప్లొమా, ఆయనది పదో తరగతి. అయినా కొత్త సరుకు ఏది వచ్చినా ఓనర్ ముందు బావ చేతికే ఇచ్చేవాడు. ఆయన గోటితో గీకి చూసి, "ఇది చలికి పగుల్తది" అనేవాడు. పగిలేది. నాకు ఒళ్లు మండేది.

ఆరేళ్ల కింద, సముద్రం అడుగుకు దింపే ఒక యంత్రానికి రింగులు కావాలని విశాఖ నుంచి ఆర్డర్ వచ్చింది. స్టీలు కడ్డీ మీద అవి తేలిగ్గా తిరగాలి. నైలాన్‌తో చేద్దామన్నాను, గట్టిది, అరగదు అని. ఒకటి చేసి చూపించాను కూడా, కొలత వెంట్రుకవాసి తప్పలేదు. బావ అసిటాల్ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌తో తనూ ఒకటి చేశాడు. రెండింటినీ చెరొక కడ్డీకి తొడిగి, ఉప్పునీళ్ల సీసాలో వేశాడు.

"బాప్తిస్మం ఇయ్యకుండ ఏ ముక్కనూ బయటికి పంపొద్దు బామ్మర్దీ" అనడం ఆయన అలవాటు. "అడుగున నీళ్లు బాగ సల్లగుంటయంట. గందుకే ఇంట్ల ఫ్రిజ్‌ల పెడ్త."

పాలగిన్నె పక్కన ఆ సీసా చూసి అక్క తిట్టిపోసింది. మూడు వారాలకు నా నైలాన్ నీళ్లు తాగి ఉబ్బి కడ్డీని పట్టేసింది. ఆయనది తిరుగుతూనే ఉంది. నా రింగులే విశాఖకు వెళ్లి ఉంటే యంత్రం సముద్రంలో బిగుసుకుపోయేది, నా ఉద్యోగం ఊడేది.

"ఎవరు పట్టిండ్రు ఈ తప్పు?" అని, బావ షెడ్డుకు తెచ్చిన సీసా చూసి ఓనర్ అడిగాడు.

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా బామ్మర్ది సార్. సదువుకున్నోడు గదా."

నేను కాదనలేదు. ఆ నెలలోనే నన్ను ఫోర్‌మన్‌ని చేశారు. ఆయన వల్లే అన్నం తింటున్నానని తెలుసు. అయినా ఆయనకు పని వచ్చినందుకు ఒక కుళ్లు, మెప్పును అంత తేలిగ్గా ఇచ్చెయ్యడం వచ్చినందుకు ఇంకో కుళ్లు.

సమాధి దగ్గర ఓనర్ ఆ రింగుల సంగతి మళ్లీ నా గొప్పగానే చెప్పాడు. మళ్లీ నోరు మెదపలేదు నేను. అక్కవాళ్ల ఇంటికొచ్చాక వంటింట్లో ఆమె దగ్గర నిలబడ్డాను.

"అక్కా, ఆ రింగుల తప్పు పట్టింది నేను కాదు. బావే."

"నాకెరుక లేదారా? సీసా ఉన్నది నా ఫ్రిజ్‌లనే గదా" అంది అక్క.

ఫ్రిజ్ తలుపు తీసింది. కింది అరలో సీసా ఇంకా ఉంది. చేతిలోకి తీసుకుని ఊపాను. బావ చేసిన నల్ల రింగు కడ్డీ మీద గిర్రున తిరిగింది. నా తెల్ల రింగు ఉన్నచోటే ఉంది. అక్క నా చేతిలోంచి సీసా తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ పాలగిన్నె పక్కనే పెట్టింది.