కొండముచ్చు తాత ఇస్త్రీ చొక్కా

మంగళవారం ఉదయం ఆరున్నరకు పెద్దారవీడులో మా పక్కింటి తాత చనిపోయారు. కొండముచ్చును పెంచినందుకు ఆయన మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తోంది.

కొండముచ్చు కనపడితే కోతుల గుంపు ఆ చుట్టుపక్కల నిలవదు. అందుకే మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో కళ్లాల దగ్గరికి, మార్కాపురంలో దుకాణాల దగ్గరికి ఆయన్ను పిలిచేవాళ్లు. తన కొండముచ్చు నడుముకు తాడు కట్టి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవారు. దాని పేరు దావీదు. "కరవాల్సిన పన్లేదు నాయనా, కనపడితే చాలు" అనేవారు. మా ఇంటి మీద కోతులు దిగితే పిలవకుండానే వచ్చేవారు.

ఆదివారం మాత్రం పనికి వెళ్లరు. "మీ దావీదుకు సెలవు కూడానా, ఏంది?" అని ఒక వ్యాపారి ఎగతాళి చేశాడు. "వాడు నీ గుమాస్తా కాదులే సేటూ, ప్రార్థనకు పోవాల" అన్నారు తాత. నిజంగానే దాన్ని చర్చి బయట కట్టేసి లోపలికి వెళ్లేవారు.

దావీదు తల్లి కరెంటు తీగ తగిలి చచ్చిపోతే పిల్లను తెచ్చి పాలు పట్టానని చెప్పేవారు. నేను నిర్ధారించుకోలేదు.

నేను విలేకరిని. రెండేళ్ల కిందట ఆయన మీద వార్త రాస్తానన్నాను. వెనకాడారు.

"పేపర్లో పడితే కేసైతాదేమో అబ్బయా?"

"ఏం కాదు తాతా. మంచి వార్తే గదా."

లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. దావీదు వీపు మీది మిరప దుమ్ము చేత్తో దులిపారు. ఫొటో తీశాను.

కొండముచ్చును పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం కింద నేరం. తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కొచ్చి అమ్ముకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ చట్టం ఉండాల్సిందే. ఒక్క ఫోను చేసి అడిగితే నాకు తెలిసేది. చేయలేదు.

వార్త వచ్చిన వారంలోనే అటవీ సిబ్బంది వచ్చారు. వాళ్ల చేతిలో నా ఫొటో ఉంది. దావీదును జీపు ఎక్కించారు. ఆ తర్వాత ఎక్కడ వదిలారో చెప్పలేదు. ఎగతాళి చేసిన ఆ వ్యాపారిని పిలిపించి అడిగితే "ఆయనెవరో మాకు తెల్దు సార్" అన్నాడు. తాత పక్కనే నిలబడి విన్నారు. జీపు పోయాక నా వైపు తిరిగారు.

"సేటు ఎట్లాంటోడో నాకు ముందే తెల్సు. నువ్వు చెప్పినావని గదా నేను ఫొటోకు నిలబడినా."

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ప్రతి వాయిదాకూ అదే చొక్కాతో వెళ్లారు. నిన్న ఆ చొక్కాతోనే సమాధి చేశాం.

వచ్చే గురువారం మళ్లీ వాయిదా. మార్కాపురం కోర్టులో బంట్రోతు ఆయన పేరు మూడుసార్లు పిలుస్తాడు. మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని నేను వెళ్తున్నాను. దాన్ని కేసు ఫైలులో పెడతారు, ఇస్త్రీ చొక్కాలో ఆయన నవ్వుతున్న ఫొటో పక్కన.