మామ్మ నమ్మని చెయ్యి

మొన్న మా మనవడికి అజీర్తి చేస్తే, కోడలు తెచ్చిన సిరప్పు మూత తీశాను. సోంపు, అల్లం, కాస్త స్పిరిటు కలిసిన ఘాటు గుప్పుమంది. పిల్లాడికి పట్టడం మానేసి, సీసాని వెలుగులోకి ఎత్తి, అడుగున ఏమైనా పేరుకుందా అని తిప్పి తిప్పి చూస్తుంటే మా కోడలు నవ్వింది. "కంపెనీ మందండీ అత్తయ్యగారూ, దాన్నీ అనుమానిస్తే ఎలాగండీ" అంది. ఎలాగంటే ఏం చెప్పను? పొలం అన్నదమ్ములు పంచుకున్నారు గానీ అనుమానం మాత్రం మా మామ్మ దగ్గర్నుంచి చెక్కు చెదరకుండా నాకే వచ్చింది.

మామ్మంటే మా నాన్నగారి అమ్మ. ఐనవిల్లికి కూతవేటు దూరంలో, కాలవ గట్టున మా ఊరు. మామ్మ పాలు పోయించుకునేటప్పుడు చెంబులో వేలు ముంచి చూసేది, కొబ్బరి దింపు రోజున ఎండనక చెట్ల కింద పీట వేసుకుని కూర్చునేది, పెళ్ళివారు పూతరేకులు పంపినా పొర విప్పి నెయ్యి రాశారో లేదో చూసుకున్నాకే నోట్లో పెట్టుకునేది. వినాయకుడి గుళ్ళో ప్రసాదం పులిహోరలో ఇంగువ తగ్గిందని పూజారిగారిని నిలదీసిన మనిషి. ఆవిడ వస్తోందంటే ఊళ్ళో కొట్లవాళ్ళు తక్కెడ సరిచేసుకునేవారు.

మా ఊళ్ళో ఇద్దరు డాక్టర్లుండేవారు. పెద్దాయన్ని రంగూన్ డాక్టరుగారు అనేవారు. ఆయన రంగూన్‌లో వైద్యం చదివారని కొందరు, అక్కడ మందుల కొట్లో సీసాలు కడిగారని కొందరు, అసలు కాకినాడే దాటలేదని ఇంకొందరు అనేవారు. ఆయన గోడమీద పటాలన్నీ దేవుళ్ళవే, డిగ్రీ పటం ఒక్కటీ లేదు. ఎర్ర మిక్స్చరూ, పచ్చ మిక్స్చరూ, తెల్ల మిక్స్చరూ ఒకే కూజాలోంచి వస్తాయని అప్పటి పిల్లలం మాకందరికీ గట్టి అనుమానం. అయినా ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నమ్మకం.

రెండో ఆయన విశాఖపట్నంలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన కుర్రాడు, కొత్త డాక్టరుగారు. తల నెరిసిపోయాక కూడా ఆయన మాకు కొత్త డాక్టరుగారే. జనం ఆయన దగ్గర మందు రాయించుకుని, కొనుక్కుని, తిన్నగా రంగూన్ డాక్టరుగారింటికి వెళ్ళి, "మీ చేత్తో ఇవ్వండి" అని అడిగేవారు. పెద్దాయన ఆ మాత్రని అరచేతిలో పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, ఇచ్చేవారు. ఈ సంగతి తెలిసి కొత్త డాక్టరుగారు ఉడికిపోతున్నారనీ, ఇద్దరికీ మాటల్లేవనీ ఊళ్ళో చెప్పుకునేవారు.

నేను పుట్టకముందే మా బాబాయి చిన్నతనంలో విషజ్వరంతో పోయాడు. టౌను నుంచి వచ్చిన కుర్ర డాక్టరెవరో సూది వేశాక పోయాడని మా వాళ్ళందరూ ఆ సూదినే తిట్టుకునేవారు. మామ్మ మాత్రం ఆ ఊసు వస్తే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. కుర్ర డాక్టర్లంటే అందుకే గిట్టదు కాబోలనుకునేవాళ్ళం.

ఆ ఏడు అట్లతద్దికి నాకు జ్వరం తగులుకుంది. ఈడు పిల్లలందరూ చేతులకి గోరింటాకు పెట్టుకుని, చీకటితోనే లేచి గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, వీధులన్నీ మారుమోగేలా అరుచుకుంటూ ఉయ్యాలలు ఊగుతుంటే, నేను బార్లీ నీళ్ళు తాగుతూ పక్కింట్లో పెనం మీద అట్లు చుయ్యిమనడం వింటూ మంచం మీద పడి ఉన్నాను. నాన్నగారు కొత్త డాక్టరుగారిని తీసుకొచ్చారు. ఆయన టైఫాయిడన్నారు, గొట్టం మాత్రలిచ్చారు. ఆయన మోటారు సైకిలు చప్పుడు వీధి మలుపు దాటగానే మామ్మ ఆ పొట్లం కొంగున ముడేసుకుని వెళ్ళి, రంగూన్ డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది. అప్పట్నుంచి పూటపూటకీ ఆయన గొడుగు తాటించుకుంటూ వచ్చి మాత్ర నా నోట్లో వేసేవారు. మామ్మ పొట్లాన్ని కాపలా కాసేదే గానీ తను విప్పేది కాదు. ఆయన గుప్పిట్లో మాత్ర మారిపోతోందేమోనని నేను రంగులు పోల్చి చూసుకునేదాన్ని.

ఒక సాయంత్రం కిటికీలోంచి చూద్దును కదా, వీధి చివర డాక్టర్లిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు! మామ్మ కూడా చూసింది. పెద్దాయన అరుగెక్కేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆయనతో మీకు మంతనాలేంటండీ?"

"జ్వరం దిగలేదు కదండీ, మాత్ర పెంచాలా అని అడిగేను."

"అంటే ఇన్నాళ్ళూ ఇద్దరూ కుమ్మక్కయ్యే ఇస్తన్నారన్న మాట."

"ఆయ్. ఆయనకి చదువుందండీ, నాకు మీ నమ్మకం ఉంది. పిల్లకి రెండూ కావాలి కదండీ."

మామ్మ కదల్లేదు. నాకు ఒళ్ళు కాలిపోతోంది. పెద్దాయన గొడుగు గోడకి చేరేసి అరుగుమీద కూర్చున్నారు. "మీరు తోవిచ్చేదాకా ఇక్కడే ఉంటానండీ" అన్నారు. వీధి దీపాలు పెట్టే వేళకి మామ్మ పక్కకి జరిగింది. దీపావళి నాటికి నేను లేచి కూర్చుని మతాబాలు కాల్చాను.

తర్వాత కొన్నాళ్ళకి రంగూన్ డాక్టరుగారే మంచాన పడ్డారు. ఊరందరికీ మందులిచ్చిన మనిషి తను మాత్రం నోరు తెరవనని మొండికేశారు. ఒక మధ్యాహ్నం కొత్త డాక్టరుగారు మా ఇంటికొచ్చారు. నేను అరుగుమీద గచ్చకాయలాడుతున్నాను.

"మామ్మగారూ, ఈ ఊళ్ళో దేన్నీ నమ్మని మనిషి మీరేనంట. మీరు నమ్మి ఇస్తే మింగుతానంటున్నారండీ ఆయన."

మామ్మ రెండు చేతులూ కొంగుకింద దాచుకుంది. "నా చెయ్యి వద్దు బాబూ. మా చిన్నోడు సూదివల్ల పోలేదు. సూదేశాక తెరిపిన పడ్డాడు. మర్నాడు పొద్దున్న మిక్స్చరు నా చేత్తో పట్టేను. మధ్యాహ్నానికి పోయేడు."

నా చేతిలో గచ్చకాయలు చేతిలోనే ఉండిపోయాయి. మేమంతా డాక్టర్ల మీదనుకున్న అనుమానం, ఇన్నేళ్ళూ ఆవిడ తన చేతిమీదే పెట్టుకుందన్నమాట. నాకు ఏడుపొచ్చింది.

కొత్త డాక్టరుగారు అరుగు చివర కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఆ జ్వరానికి అప్పటికి మందే పుట్టలేదండీ. ఆ సూదీ చంపలేదు, ఆ మిక్స్చరూ చంపలేదు. ఎవరి చేత్తో పట్టినా ఒకటేనండీ."

మామ్మ ఆయన మొహంలోకి చూసింది, పాల చెంబులోకి చూసినట్టే. తర్వాత నూతి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుని ఆయన వెంట బయల్దేరింది.

పూటపూటకీ మామ్మ చేత్తో మందు మింగినా, పెద్దాయన ఆ నెల తిరక్కుండానే పోయారు. ఆ కబురు విని అమ్మా నాన్నగారూ మామ్మకేసి భయంభయంగా చూశారు. మామ్మ కళ్ళు తుడుచుకుని, "ఆయనకి వయసైపోయిందే అమ్మాయ్" అంది నాతో. ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ చలికాలం నాకు దగ్గొచ్చినప్పుడు మందు తనే పట్టింది.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. రంగూన్ డాక్టరుగారి అరుగు రోడ్డు వెడల్పులో కలిసిపోయింది. కొత్త డాక్టరుగారి గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. చేత్తో ఇమ్మని అడిగేవాళ్ళూ లేరు, అడిగితే ఆగి ఇచ్చేవాళ్ళూ లేరు. ఆనాడు కొత్త డాక్టరుగారు చెప్పింది నిజమో, ఆ ముసలావిడ కోసం అప్పటికప్పుడు అల్లిన అబద్ధమో నాకు తెలియదు. ఆ జ్వరానికి మందు ఎప్పుడొచ్చిందో కోడలి ఫోన్లో అడిగితే చిటికెలో చెప్పేస్తుంది. కంపెనీ సీసాని కూడా వదలకుండా ఎత్తి చూసే నేను, ఆ ఒక్కటీ ఇంతవరకూ అడగలేదు.