ఇచ్చేసిన గడియారం

డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రోజూ డైరీ రాసి, ఆదివారం పొద్దున వారమంతటిదీ చదువుకోవడం నా అలవాటు. పోయిన వేసవిలో అలా చదువుతూ ఉలిక్కిపడ్డాను. ఇంటర్ తప్పిన మనవరాలు స్వాతి గురించి నేనే రాసిన మాటలవి. సోమవారం, ప్రాణంగా చూసుకునే గడియారం చెల్లెలికి ఇచ్చేసింది. బుధవారం అన్నం ముట్టలేదు. శుక్రవారం, "నేను లేకుంటే మీకు పరేషానే ఉండది తాతా" అంటే నవ్వి ఊరుకున్నాను.

వెంటనే వెళ్ళి సూటిగానే అడిగాను. "బిడ్డా, సచ్చిపోవాలనిపిస్తుందా?"

నా చేతులు పట్టుకుని భోరుమంది. "అవు తాతా. గిన్ని దినాలల్ల గిట్ల ఒక్కలన్న అడగలే."

ఆ రోజే డాక్టరుకు చూపించాం. ఆ ఒక్క ప్రశ్నే పిల్లను మాకు మిగిల్చింది.

నిన్నటి డైరీలో ఇలా రాసుకున్నాను: స్వాతి చెల్లెలితో కొట్లాడి మరీ గడియారం తిరిగి తీసుకుంది.