మూడో భాగంలో ముసలిదాని సంగతి

మందుల షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కుని ఉన్న ఆ రెండు కుర్చీల పార్లర్‌కి బోర్డంటూ ఒకటి ఉంది గాని, దాని మీద ఏం రాసి ఉందో వీధిలో ఎవర్నడిగినా చెప్పలేరు. అందరికీ అది పిన్ని షాపు. పిన్నికి నలభై ఏడేళ్ళు. కత్తెర పట్టిన చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత జోరు. కొత్తగా వచ్చిన వాళ్ళు కొసలు కత్తిరించమని కూర్చుంటారు. లేచేసరికి ఓ రాకుమారి కథ సగం విని ఉంటారు. మిగతా సగం కోసం, కత్తిరించడానికి ఏమీ లేకపోయినా, మళ్ళీ వస్తారు. ఇది వ్యాపార కిటుకని జిరాక్స్ షాపతను అంటాడు. కిటుకూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు, అంతే.

ఆ కథలు కూడా మామూలు కథలు కావు. చిన్నప్పుడు అందరం విన్న పాత కథల్నే తిరగేసి, పదిహేనేళ్ళ పిల్లల కోసం లావుపాటి పుస్తకాలుగా రాస్తారు చూడండి, అవి. తోడేలు మంచిదవుతుంది, రాకుమారుడు పిరికివాడవుతాడు, నిద్రపోతున్న పిల్ల నిజానికి నిద్ర నటిస్తూ ఉంటుంది. "ఈ వయసులో ఇవేం పుస్తకాలు పిన్నీ?" అని ఎవరైనా నవ్వితే ఆమె తడుముకోదు. "నేను చదవను, వింటాను. వినడానికి వయసేమిటి?" అంటుంది.

అది అక్షరాలా నిజం. పిన్ని చేతులకు ఎప్పుడూ ఖాళీ ఉండదు. చదివేది రింగు. రింగు అంటే పిన్ని అక్క కూతురు. రింగురింగుల జుట్టు కాబట్టి ఆ పేరు. అక్క పోయేనాటికి పిల్లకి ఐదేళ్ళు. తండ్రి మరో పెళ్ళి చేసుకుని తన దారి తను చూసుకున్నాడు. పిన్ని పిల్లను చంకనేసుకుని వచ్చేసింది, ఎవర్నీ ఏమీ అడగలేదు. బడి అయిపోగానే రింగు షాపుకొచ్చి రెండో కుర్చీలో కూర్చునేది. పన్నెండో ఏట బడిలో ఏదో పోటీలో గెలిస్తే ఒక పుస్తకం ఇచ్చారు. దాని పేరు "నూరు మూరల జడ". కూర్చుని ఏం చేస్తావు, పైకి చదువు, నేనూ వింటాను అంది పిన్ని. అలా మొదలైంది.

మొదలయ్యాక దానికో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. ఎవరూ ముందు పేజీలు చూడకూడదు. పుస్తకం తువ్వాళ్ళ అరలోనే ఉండాలి, షాపులోనే తెరవాలి. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఇద్దరిలో ఎవరూ దాన్ని తప్పలేదు.

కథేమిటంటే, ఓ ఎత్తయిన గోపురం, అందులో నూరు మూరల జుట్టున్న పిల్ల, ఆమెను పెంచుతున్న ముసలిది. పాత కథలో ముసలిది దుర్మార్గురాలు. ఈ పుస్తకంలో అలా కాదు. ఊరంతా అంటురోగంతో పోతుంటే, ఎవరూ ముట్టుకోని పసిగుడ్డును ఎత్తుకొచ్చి పెంచింది. బయటికెళ్తే ఎక్కడ పోగొట్టుకుంటానోనని తాళం వేసింది. ఊరు మాత్రం ఆమెను మంత్రగత్తె అనే అంటుంది. పిన్ని ప్రాణాలన్నీ ఆ ముసలిదాని మీదే. "తాళం వేయడం తప్పే, కాదనను. కానీ రోజూ ఆ నూరు మూరలూ తలంటింది ఎవరంట? మంత్రమేస్తే చిక్కులు పోతాయా?" అని కనిపించిన వాళ్ళందరితో వాదించేది. పదో తరగతిలో రింగు విహారయాత్రకి వెళ్తానంటే బస్సు టైర్లు చూసొచ్చి, అవి అరిగాయని పంపించని మనిషి ఆమె. ఆ సంగతి వాదనలో ఎవరైనా ఎత్తితే, "అది వేరు" అనేది.

రచయిత్రి మీద ఎంత అభిమానమో అంత కోపం కూడా ఉండేది. ఆవిడకి జుట్టు గురించి ఓనమాలు తెలియవని పిన్ని తీర్మానం. పుస్తకంలో ఎవరు తల దువ్వినా మాడు మీంచి దువ్వెన బరబరా కిందికి లాగుతారు. "నూరు మూరల జుట్టుని పైనుంచి దువ్వితే చిక్కులన్నీ కిందికి చేరి తాడైపోదూ? కొసల నుంచి మొదలెట్టాలి, చిక్కుకి పైన పిడికిలితో పట్టుకోవాలి, అప్పుడు కుదుళ్ళకి నొప్పి తెలీదు. ఈవిడ ఎప్పుడైనా దువ్వెన పట్టిందా అసలు?" ఈ సంగతంతా వివరంగా రింగు చేత ఉత్తరం రాయించి ప్రచురణకర్తలకు పంపింది. జవాబు రాలేదు. రెండో భాగంలోనూ పైనుంచే దువ్వారు. పిన్ని ఆ పేజీ దగ్గర ఒంటికాలి మీద లేచింది.

రెండో భాగం చివర్లో పిల్ల తన జడ తనే కోసేసి, దాన్నే తాడుగా వేసుకుని దిగి పారిపోతుంది. పైన కిటికీలోంచి ముసలిది ఒకే ఒక్కసారి పిలుస్తుంది. పిల్ల ఆగింది. అంతే, పుస్తకం అయిపోయింది. తిరిగి చూసిందో లేదో మూడో భాగంలోనే తెలియాలి.

ఆ మూడో భాగం కోసం నాలుగేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు. విడుదల తేదీ మూడుసార్లు మారింది. ఈమధ్యే ముఖచిత్రం బయటపెడితే, పిన్ని ఫోన్లో దాన్ని పెద్దది చేసి చేసి కిటికీలో ముసలిది ఉందని తేల్చింది.

"అది కర్టెన్ పిన్నీ."

"కర్టెన్‌కి భుజాలుంటాయే?"

ఇంతలో రింగుకి పంతొమ్మిది నిండాయి. కళ్ళద్దాలు తయారుచేసే ల్యాబ్‌లో శిక్షణకి ఎంపికైంది. వేరే ఊరు, రెండేళ్ళు, ఒకటో తారీఖున వెళ్ళాలి. పుస్తకం సరిగ్గా అంతకు తొమ్మిది రోజుల ముందు వస్తోంది. ప్రయాణం గురించి పిన్ని ఒక్క మాట మాట్లాడలేదు. ముసలిదాని గురించి మాత్రం రోజుకి పదిసార్లు మాట్లాడింది. తిరిగి చూస్తుందంటావా, పెంచిన ప్రేమ ఊరికే పోతుందా, అంటూ కత్తెర ఆపి మరీ అడిగేది. షాపుకొచ్చే వాళ్ళకి ఆ అడగడం దేని గురించో తెలుసు. ఆమెకీ తెలుసు. ఈ పిల్ల వెళ్ళిపోతుంది, వెళ్ళి తనను మర్చిపోతుంది అని ఆమెకు భయం. ఆ భయం పైకి చెప్పుకునే ధైర్యం లేక, కాగితం మీది ముసలిదాన్ని అడ్డం పెట్టుకుంది.

రింగు తీరు కూడా అలాగే ఉంది మరి. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే. ఓసారి, "ఎన్నాళ్ళని పిన్నీ, అవి చిన్నపిల్లల పుస్తకాలు" అనేసింది. పిన్ని ఆ రోజు ముగ్గురి జుట్లు మౌనంగా కత్తిరించింది. ముగ్గురూ కంగారుపడ్డారు.

గురువారం పుస్తకం వచ్చింది. తెస్తానని రింగు తనే పొద్దున్నే బయల్దేరింది. పదింటికి రావాల్సింది సాయంత్రం నాలుగింటికి వచ్చింది. లైను పెద్దగా ఉందంది. పిన్నికి ఆ ఆనందంలో ఇంకేమీ తోచలేదు. అట్టను తువ్వాలుతో తుడిచి, వాసన చూసి, అరలో పెట్టింది.

శుక్రవారం మొదలుపెట్టారు. రోజుకి ఎనభై పేజీలు. పిల్ల ఎక్కడికి పోయింది, ఎవర్ని కలిసింది, కోసిన జుట్టు ఎందుకు పెరగనంది, అంతా బాగానే నడిచింది. ముసలిది మాత్రం ఎక్కడా రాలేదు. "చివర్లో దాచింది, గడుసుది" అని పిన్ని రచయిత్రిని మెచ్చుకుంది కూడా.

బుధవారం మధ్యాహ్నం చివరి అధ్యాయం. మొదటి కుర్చీలో టీచరమ్మ తడి తలతో కూర్చుని ఉంది. ఉద్యోగం మానేసి పదేళ్ళయింది గాని ఆవిడ ఇంకా టీచరమ్మే. పిన్ని నుదుటి మీద జుట్టు సరిచేస్తోంది. రింగు చదువుతోంది.

పిల్ల గోపురం దగ్గరికి తిరిగొచ్చింది. తాళం లేదు. మెట్లెక్కింది. పైన ముసలిది మంచం పట్టి ఉంది, నెరిసిన జుట్టంతా జడలు కట్టి ఉంది. పిల్ల గిన్నెలో నీళ్ళు తెచ్చి ముసలిదాని వెనక కూర్చుంది. జుట్టును పాయలుగా విడదీసింది. ఒక పాయ తీసుకుని, చిక్కుకి పైన పిడికిలితో పట్టుకుని, కొసల నుంచి మెల్లమెల్లగా దువ్వడం మొదలుపెట్టింది.

పిన్ని కత్తెర ఆగిపోయింది.

రింగు చదువుతూనే ఉంది. ముసలిది, "నువ్వు తిరిగి చూశావా?" అని అడిగింది. "పది అడుగులకోసారి చూశాను, అందుకే ఇంత ఆలస్యమైంది" అంది పిల్ల. టీచరమ్మ అద్దంలో కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా రాసిందమ్మా!" అంది. పిన్ని అద్దంలో రింగునే చూస్తోంది. ఇంతసేపటి నుంచి ఆ పిల్ల పేజీ తిప్పలేదు.

రెండున్నర పుస్తకాలుగా మాడు మీంచి బరబరా లాగిన రచయిత్రికి పిడికిలి సంగతి ఎలా తెలుస్తుంది? అది ఈ షాపులో తప్ప ఎక్కడా లేదు. రింగుకి ఎనిమిదేళ్ళప్పుడు, ఆ రింగుల జుట్టు దువ్వుకోలేక ఏడుస్తుంటే, చెయ్యి పట్టుకుని పిన్నే నేర్పింది. కథ అల్లడంలో పిల్లకి ఎక్కడా తడబాటు రాలేదు. దువ్వెన దగ్గర మాత్రం అలవాటైన చెయ్యి పట్టిచ్చేసింది.

టీచరమ్మ నుదుటి మీద జుట్టు ఆ రోజు ఎడమవైపు కాస్త పొట్టిదైంది. ఆవిడ కథ మత్తులో చూసుకోలేదు. ఆవిడ వెళ్ళాక పిన్ని తలుపు దగ్గరికి వేసి చెయ్యి చాపింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

"నువ్వు చదవవుగా పిన్నీ."

"ఇవ్వవే."

రింగు ఇచ్చింది. పిన్ని నిలబడే ఆ పేజీ చదివింది. ముసలిదాని గురించి అందులో మూడే మూడు వాక్యాలున్నాయి. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదట. ముసలిది కొన్నాళ్ళు కిటికీ తెరిచే ఉంచిందట. చలికాలం వెళ్ళాక ఊరివాళ్ళు పైకి వెళ్ళి చూసి, ఆమెను తెచ్చి పాతిపెట్టారట. ఆ తర్వాత పిల్ల పట్టాభిషేకం పద్నాలుగు పేజీలు.

పిన్ని ఆ మూడు వాక్యాల్ని రెండుసార్లు చదివింది. రెండోసారి పెదవులు కదిలాయి.

"ఎప్పుడు చదివావు నువ్వు?"

"గురువారమే. బస్టాప్‌లో కూర్చుని చివర్నుంచి వెతికాను." రింగు తల దించుకుంది. "కట్టుబాటు తప్పాను. తిట్టు."

"నేనేడుస్తానని అబద్ధం చదివావా?"

"ఏడుస్తావని భయం ఉంది, లేదనను. కానీ అందుకు కాదు. ఆవిడ తప్పు రాసింది పిన్నీ."

"ఇన్నేళ్ళు కూర్చుని రాసినావిడకి తెలీదు గాని, నీకు తెలుసా?"

"వెళ్ళిపోతున్నది నేను కదా," అంది రింగు. "తిరిగి చూస్తానో చూడనో నాకు తెలీదా?"

నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషి మొదటి కుర్చీలో కూలబడి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దాచి దాచి నెల రోజులుగా మోస్తున్న ఏడుపంతా ఏడ్చింది. రింగు వచ్చి కుర్చీ చేతి మీద కూర్చుంది. తనూ ఏడ్చింది. బయట ఎవరో తలుపు తోసి, లోపల సంగతి చూసి, మళ్ళీ మెల్లగా మూసి వెళ్ళిపోయారు.

చివరికి పిన్ని ముక్కు తుడుచుకుని, "మూడు వాక్యాలా? పెంచిన మనిషికి మూడు వాక్యాలు!" అంది. "ఈసారి రాసే ఉత్తరంలో నాలుగు దులుపుతాను చూడు."

"నాలుగో భాగం కూడా ఉందట పిన్నీ, వెనక అట్ట మీద వేశారు. అది వచ్చాక ముందు నేను చూసి..."

"ముందు చూడ్డాలేమీ వద్దు. ఫోన్ చేసి చదువు, ఉన్నది ఉన్నట్టు చదువు. ముసలిది ఎలాగూ పోయింది. ఇక నేను భయపడేది ఏముంది?"

"మరి ఒకటో తారీఖుకి బస్‌స్టాండుకి వస్తావా?"

"రాకేం? బస్సు టైర్లు చూడొద్దూ?"

రింగు ఏడుపులోంచే నవ్వింది. పిన్ని లేచి నేల మీద టీచరమ్మ జుట్టు ఊడ్చింది, దువ్వెనలు కడిగి తువ్వాలు మీద ఆరబెట్టింది. తర్వాతి మనిషి రావడానికి ఇంకా అరగంట ఉంది. ఏడేళ్ళలో మొదటిసారి ఆమె చేతులు ఖాళీగా ఒడిలో పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆ చివరి అధ్యాయం ఇంకోసారి చదువు."

"ఏది? ఆవిడ రాసిందా?"

"నీది. టీచరమ్మ ఏడుపులో నాకు సగం వినపడలేదు."

రింగు పుస్తకం మూసి తువ్వాళ్ళ అరలో పెట్టేసి వచ్చి, మొదలుపెట్టింది.