కనకక్క చేపలకు పోసిన మందు

మొన్న బ్యాంకులో నా వంతు కోసం కూర్చుంటే పక్కనున్న అద్దాల తొట్టిలోంచి ఒక వాసన వచ్చింది. నాచు, చేపల మేత, వాటి వెనక చేదుగా ఏదో మందు. నీళ్లు లేత పసుపుగా ఉన్నాయి. ఆ పసుపు నాకు తెలుసు. లేచి దూరంగా వెళ్లి కూర్చున్నాను.

గోదావరిఖనిలో కనకక్క రంగు చేపల దుకాణంలో నేను చాలా ఏళ్లు తొట్లు కడిగాను. ఆమె భర్త బొగ్గుబాయిలో షిఫ్టులకు తిరిగేవాడు. ఇంటి ముందు గదిలో దుకాణం పెట్టి ఆమే నడిపింది. నాకు అక్షరాలు వచ్చింది కూడా అక్కడే, నలభై దాటాక. ప్రతి తొట్టి అద్దం మీద చేప పేరు రాసి, కొనేవాళ్ల ముందే నాతో చదివించేది. తప్పు చదివితే, "చేపలకు నోరు లేదు గాబట్టి ఊకున్నయే రాజవ్వా, లేకుంటే నిన్ను తిట్టిపోస్తుండె" అని నవ్వేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మర్నాడు మాత్రం అదే పేరు సరిగ్గా చదివేదాన్ని.

చేపలు ఎక్కడినుంచో నీళ్ల సంచుల్లో వచ్చేవి. దారిలో నలిగి, రెక్కలు చీలి, రోగంతో దిగేవి. దానికి విరుగుడు కనకక్క దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది. మా బొగ్గుబాయి క్వార్టర్ల వాళ్లకు కంపెనీ దవాఖానలో క్రిములను చంపే మందులు కూడా పైసా లేకుండా ఉత్తగనే దొరుకుతాయి. ఒళ్లు కాస్త నెమ్మదించగానే మింగడం మానేసి, మిగిలిన గోలీలు ఆమెకు తెచ్చిచ్చేవాళ్లు. బదులుగా వాళ్ల పిల్లలకు ఒక చిన్న చేప. కనకక్క క్యాప్సూల్ విప్పి లోపలి పొడిని అన్ని తొట్లలోనూ చల్లేది. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగేవి.

"బాగున్నవాటికి ఎందుకక్కా?" అని ఒకసారి అడిగాను.

"రోగమొచ్చినంక ఉరుకుడెందుకే? ముందుగాల్నే ఏస్తే ఫికరుండది."

కొన్నాళ్లకు మందు వేసినా చేపలు చావడం మొదలైంది. ఆమె మోతాదు పెంచింది. అయినా చావులు ఆగలేదు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, పగిలిన తొట్టిని ఎత్తుతుంటే అద్దం ఆమె కుడిచేతి చూపుడువేలిని కోసింది. పసుపు అద్ది, అదే డబ్బాలోంచి ఒక గోలీ తీసి మింగింది. వేలు ఉబ్బింది. తర్వాత అరచెయ్యి. ఎర్రటి గీత ఒకటి మణికట్టు దాటి పైకి పాకుతుంటే ఇక ఆగలేక ఆమెను ఆటో ఎక్కించాను. దారంతా ఒకటే మాట: "దుకాణం సంగతి చెప్పకు. నా చేపల్ల రోగముందని తెలిస్తే ఒక్కడు గడప తొక్కడు."

డాక్టరు వేలు చూసి, "ఏం పని చేస్తరమ్మా?" అని అడిగాడు.

"ఇంటి పనే సారూ. బాసండ్లు తోముతుంటే తెగింది."

ఆయన మందు రాయడానికి కలం తీశాడు. కనకక్క నన్ను కళ్లతోనే గదిమింది. నాకు అన్నం పెట్టిన మనిషి. కానీ ఆ గీత పొద్దుటికంటే ఇంకా పైకి వచ్చింది.

"చేపల దుకాణం సారూ," అన్నాను. "నీళ్లల్ల దినాం గోలీలు పోస్తం."

"నీ నోట్లె మన్నువడ!" అంది కనకక్క.

కలం ఆగింది. ఆయన గాయంలోని చీము తీయించి పరీక్షకు పంపాడు. "దినాం మందు పోస్తే దానికి చచ్చే క్రిములు చస్తయి. లొంగనియి మిగిలి పెరుగుతయి. అవే మీ వేలుకు వచ్చినట్టున్నయి. ఏ మందు పనిచేస్తదో రిపోర్టు వస్తెనే తెలుస్తది."

ఆమెను దవాఖానలోనే ఉంచారు. నా మీద కోపంతో గోడవైపు తిరిగి పడుకునేది. మంచం పక్కన కూర్చుని ఆ చేతినే చూసేదాన్ని. భర్త డ్యూటీ బట్టల్లోనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడేవాడు. చెయ్యి పోతుందో, మనిషే పోతుందో ఇద్దరికీ తెలియదు. చివరికి రిపోర్టు చూసి వేసిన ఒక సూదిమందు పట్టింది. చెయ్యి దక్కింది. చూపుడువేలు మాత్రం మొదటి కణుపు దాకా తీసేశారు.

కట్టు విప్పిన రోజు నాతో నోరు విప్పింది. "దుకాణం ముంచితివి, చెయ్యి తేల్చితివి. ఇగ దేనికని కొట్లాడాలె నీతోని?"

గోలీల డబ్బాను తీసుకెళ్లి దవాఖానలో అప్పజెప్పింది. జబ్బు చేపలను వేరే తొట్టిలో పెట్టి నీళ్లు మార్చాం. చాలా చచ్చాయి. దుకాణం సగం ఖాళీ అయింది. ఒకరోజు వీధి చివరి పెద్దాయన మిగిలిన గోలీలు తెచ్చాడు. ఆమె వద్దంది.

"మందు పొయ్యని చేపల దుకాణమేందే కనకవ్వా? ముసలితనమొచ్చిందా?" అని నలుగురి ముందూ ఎగతాళి చేశాడు.

ఆమె తెగిన వేలు పైకెత్తింది. "దీన్ని తిన్నది నా తొట్లె క్రిమే కాకా. నేనే పెంచిన. రేపు నీ మనవరాలు వేలు కోసుకుంటే పనిచేసేటందుకు ఏదన్న మందు మిగలాలె గద?"

కొనడానికి వచ్చిన ఒకామె చేతిలోని జాడీ కింద పెట్టి వెళ్లిపోయింది. కనకక్క ఆమెను పిలవలేదు. ఆ తర్వాత కూడా అడిగిన ప్రతివాళ్లకూ ఆ వేలు చూపించే చెప్పింది.

ఆమె పోయి కొంతకాలమైంది. పోయిన వానల్లో నాకు జ్వరం తగిలితే పక్కింటామె తన మిగిలిన గోలీలు రెండు తెచ్చింది. తీసుకోలేదు. "ఎంత పొగరే" అనుకుంటూ పోయింది. దవాఖాన లైనులో ఒళ్లు కాలిపోతుంటే నిలబడ్డాను. నా ముందు ఒక బాలింత, ఆమె భుజం మీద పసిబిడ్డ. ఆ బిడ్డ వేళ్లు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి. వాటినే చూస్తూ నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను.