బొగ్గు ఊళ్లో పిప్పి మంట

నేను ఆవిరి ఇంజన్ మీద పదకొండేళ్లు ఫైర్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. చదువు ఊరి బడిలో ఐదో తరగతితో ఆగిపోయింది. అయితేనేం, జడివానలో గతౌరా దగ్గర ఆగిపోబోయిన గూడ్సుని మంట తగ్గనివ్వకుండా బిలాస్‌పూర్ చేర్పించి మెడల్ తెచ్చుకున్నాను. అది ఇప్పటికీ మా ఇంట్లో గోడకి వేలాడుతోంది. అలాంటి నాకు మంట గురించి పాఠం చెప్పిన మనిషి ఒక్కతే. ఆమె మా చిన్నాన్న కూతురు కనకం.

కనకం చోడవరం దగ్గర పుట్టింది. గ్యాంగ్‌మన్ చిన్నారావుని పెళ్లాడి బిలాస్‌పూర్ దగ్గరున్న మా బొగ్గు ఊరికి వచ్చింది. స్టేషన్ బయట చెరకు రసం బండి పెట్టి పన్నెండేళ్లయింది. కూతురు తనూజ నర్సింగు చదువు ఆ బండి మీదే నడుస్తోంది. ఇంకో ఏడాది ఉంది.

మొన్న ఏప్రిల్‌లో పారిశుద్ధ్యం చూసే దరోగా వచ్చాడు. బండి వెనక మోకాలెత్తు పిప్పి కుప్ప, దాని మీద ఈగలు. వచ్చే సోమవారం ఈ చెత్త కనబడితే బండి కూడా ఎత్తించేస్తానని హిందీలో గట్టిగానే చెప్పి వెళ్లాడు.

"సూసేవా అన్నయ్యా, మన ఊళ్లో బెల్లం పెనం కింద పెట్టీది దీన్నే కదా! ఇక్కడికొచ్చీసరికి చెత్తయిపోయిందేటి?" అంది కనకం.

ఆ పూటే పిప్పంతా మా మేడ మీదికి మోయించి ఎండబెట్టాం. మూడు రోజులకి కరకరలాడింది. కానీ రోజూ వచ్చేదానికి మేడ ఎంతని చాలుతుంది? కాల్చుకునేవాళ్లు కావాలి. పక్కనే గోవిందరావు టిఫిన్ హోటల్లో కట్టెల పొయ్యి ఉంది. వెళ్లి అడిగాను. పకపకా నవ్వాడు.

"రోజంతా మన కళ్ల ముందే బొగ్గు వ్యాగన్లు పోతుంటే, ఈ పీచుతో ఇడ్లీ ఉడికించమంటావేటి బాబాయ్?"

"పొయ్యి దగ్గర నేను కూర్చుంటానురా. ఇంజన్ నడిపించినవాణ్ణి."

"అచ్ఛా! అయితే ఆదివారం ఒక్క వాయి. ఉడికిందా, మీ పిప్పంతా రోజూ నాదే. పొగొచ్చిందా, మళ్లీ నన్నడగొద్దు."

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ఇంజన్ పొయ్యి నింపినట్టే నిండా కూరి అగ్గిపుల్ల గీశాను. నిమిషంలో చిక్కటి పొగ. బెంచీల మీదివాళ్లు కళ్లు తుడుచుకుంటూ, ప్లేట్లతో సహా రోడ్డెక్కారు.

"బాబాయ్! హోటల్ని కూడా బిలాస్‌పూర్ చేర్పిస్తావేటి?" అని అరిచాడు గోవిందరావు.

"రసం తీసేటప్పుడు నిమ్మకాయ పెడతారు కదరా. ఆ తొక్కలు కలిశాయి. అదీ సంగతి," అన్నాను.

"తొక్కలదేటి తప్పు?" అంది నా వెనకే నిలబడి చూస్తున్న కనకం. "లే అన్నయ్యా, లే. బొగ్గులాగ కూరేస్తే దానికి ఊపిరెలాగాడతాది?"

లోపలిదంతా బయటికి లాగి నీళ్లు చల్లింది. గుప్పెడు పిప్పి వదులుగా పరిచి ముట్టించింది. అది మండిపోయే లోపు ఇంకో గుప్పెడు. దాని వెనక ఇంకోటి. ఎక్కువా లేదు, ఆలస్యమూ లేదు.

"మా నాన్న పెనం దగ్గర, నేను పొయ్యి దగ్గర," అంది మంట మీంచి చూపు తిప్పకుండా. "నా సెయ్యి ఆగితే రసం పొంగు ఆగిపోయీది. తిట్లు తినీదాన్ని."

మంట నిలువునా లేచింది. పొగ లేదు. ఇడ్లీ గిన్నె మూత చుట్టూ ఆవిరి చిమ్మింది. బయట నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. గోవిందరావు మూత తీసి, మొదటి ఇడ్లీ తనే విరిచి నోట్లో వేసుకున్నాడు.

"పొద్దున్నే పంపించీ అక్కా," అన్నాడు. "కానీ ఇలా గుప్పెడు గుప్పెడు ఎవరేస్తారు? నా సేతులు అట్లకే సాలవు."

కనకం నావైపు చూసింది. "మెడల్ వచ్చినోడు ఉన్నాడు కదా!"

మర్నాడు దరోగా వచ్చాడు. బండి వెనక్కి వెళ్లి చూశాడు. ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు. అటూ ఇటూ చూసి, ఒక గ్లాసు రసం తాగి వెళ్లిపోయాడు. ఇప్పుడు స్టేషన్ బయటున్న తక్కిన రెండు రసం బళ్లవాళ్లు కూడా పిప్పి మా మేడకే తెస్తున్నారు. బూడిద గోవిందరావు గిన్నెలు తోమడానికి పోతోంది.

డెబ్భై నాలుగేళ్ల వయసులో నాకు మళ్లీ డ్యూటీ పడింది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, గుప్పెడు వెనక గుప్పెడు. నిన్న కనకం వచ్చి నా వెనక చాలాసేపు నిలబడింది. చూసి చూసి, ఒక్క తప్పూ పట్టకుండా బండి దగ్గరికి వెళ్లిపోయింది.

నాకు వచ్చిన మెడళ్లలో అది రెండోది.