నా సున్నా లేని చార్టు

మొన్న పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి వస్తుంటే రుద్రారం దగ్గర ఒకమ్మాయి బస్సెక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్లో ల్యాప్‌టాప్, చెవి దగ్గర ఫోను. "గా డిజైన్ నేను నిన్ననే మార్చిన, సార్‌కు జెర చెప్పు" అని ఎవరినో కసురుతోంది. ఆ పిల్లను చూసి నాకు ముచ్చటేయాలి. కానీ అసూయ సన్నగా కలుక్కుమంది. యాభై దాటాక ఇదేం బుద్ధి అనుకున్నాను గానీ, ఆ కలుక్కు నాకు కొత్తది కాదు. మా యారాలు కాపురానికి వచ్చిన ఏడాది మొదలైంది.

యారాలంటే నా మరిది భార్య. అవి తొంభైల చివరి రోజులు. నేను పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో, సరుకు బయటికి పంపే విభాగంలో గుమస్తాని, ఇంట్లో చిన్న పాపకు తల్లిని. పెళ్లికి ముందు నాకూ ఎం.సి.ఏ.లో సీటొచ్చింది. పెళ్లి కుదిరింది, సీటు పోయింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పొమ్మననూ లేదు. అప్పటికే ఎం.సి.ఏ. చదువుతున్న మా యారాలు మాత్రం పెళ్లిచూపుల్లోనే "నా సదువు ఆపొద్దు, గట్లయితేనే" అన్నదట. అత్తమ్మ సరేనన్నది. ఆమె చదువు కంటే, అట్లా అడగొచ్చని నాకు తట్టనే లేదన్న సంగతి నన్ను ఎక్కువ మండించింది.

సాయంత్రం నేను వంటింట్లో రొట్టెలు చేస్తుంటే ఆమె ముందు గదిలో చార్టు పరిచి సున్నాలు, బాణాలు గీసేది. ఒక ఆఫీసులో కాగితం ఎక్కడ మొదలై, ఎవరెవరి చేతులు దాటి ఎక్కడికి చేరుతుందో గీసి, ఆ పనిని కంప్యూటరుకు ఎలా అప్పగించాలో ఆలోచించడం ఆమె చదువు. అత్తమ్మ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసి, "గివేంది బిడ్డా, సకినాలా?" అనేది. ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్లు. అత్తమ్మ నాతో అట్లా ఎప్పుడు నవ్విందా అని ఆలోచిస్తూ నేను రొట్టె మాడ్చేదాన్ని.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఆమె మా ఫ్యాక్టరీకే వచ్చింది. మేనేజరు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి "మేడమ్" అన్నాడు. నన్నాయన ఏనాడూ "ఇగో అమ్మా" అని తప్ప పిలవలేదు. వారాల తరబడి ఆమె నా పక్కన కూర్చుని, ఆర్డరు వచ్చింది మొదలు లారీ గేటు దాటేదాకా నేను చేసేదంతా అడిగి రాసుకుంది. పళ్లు బిగబట్టి అన్నీ చెప్పాను. చివరికి రెండు చార్టులు తెచ్చి నా బల్ల మీద పరిచింది. ఒకటి ఉన్న పద్ధతి, రెండోది రాబోయే పద్ధతి. మొదటిదాంట్లో నా పని నడిమధ్యన పెద్ద సున్నా. రెండోదాంట్లో ఎంత వెతికినా కనిపించలేదు.

"మరి నా సున్నా ఏదమ్మా?"

ఆమె ముఖం పాలిపోయింది. "అక్కా... గా పని సిస్టమే చేస్తది" అన్నది మెల్లగా.

ఆ సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. ఇల్లు చేరగానే ఆమె చెప్పులైనా విడవకుండా అత్తమ్మ ముందు నిలబడింది.

"అత్తమ్మా, నా సదువు అయిపోవట్టె. ఇగ అక్క సదువుతది. పాపను నేను సూస్కుంట."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "సదువుతనని నువ్వెప్పుడన్న అన్నవానే? నోరు లేదా నీకు?"

నాకు కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా. కానీ అంతకన్నా ముందు, నేను అన్నేళ్లు మింగిన మాటను ఈమె గుమ్మంలోనే అనేసిందన్న కుళ్లు వచ్చింది. ఆ కుళ్లుతోనే ఎం.సి.ఏ. సాయంత్రం తరగతుల్లో చేరాను. తరగతిలో పిల్లలు నన్ను "ఆంటీ" అనేవాళ్లు. పాఠం అర్థం కాకపోతే ఆమెను అడగడం నామోషీ అనిపించి ఒకే పేజీని పట్టుకు కూర్చునేదాన్ని. ఆమె కనిపెట్టి, నాకు వినబడేలా ఆ పాఠాన్ని అత్తమ్మకు చెప్పేది. అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ శ్రద్ధగా ఊ కొట్టేది.

పాసయ్యాక మా ఫ్యాక్టరీలోనే కంప్యూటర్ విభాగంలోకి మారాను. ఆమె గీసిన పద్ధతిని నడిపించే పని నాదే అయింది. ఆమె కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లింది. ఇప్పటికీ ఇద్దరం కూరగాయలకు వెళ్తే ఎవరో ఒకరు "మేడమ్!" అని ఆమెకే దండం పెడతారు. నేను సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటాను. అప్పట్లో ఒళ్లంతా మండించిన అసూయ ఇన్నేళ్లకు నివురు కింద నిప్పంత అయింది. చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, కాలదు.